మడత లోపలి పసుపు

నాకు ఒకచోట కాలు నిలవదు. మా అమ్మ మొదలుకొని మొన్న పోయిన మా అత్తయ్య దాకా నన్నెరిగిన వాళ్ళంతా అన్న మాటే ఇది. అత్తయ్య పోయాక ఇది మరీ ముదిరింది. ఆక్లాండ్ మౌంట్ ఆల్బర్ట్‌లోని మా ఇంట్లో ఆవిడ గది సర్దుదామని వెళ్ళడం, అల్మారా తలుపు తీయడం, మళ్ళీ వేసేయడం, వంటింట్లోకొచ్చి కడిగిన గిన్నెలే కడగడం. చివరికి ఒక ఆదివారం పళ్ళు బిగబట్టి ఆవిడ సూట్‌కేసు కిందికి దించితే, చీరల అడుగున పాత బిస్కెట్ల డబ్బా ఒకటి దొరికింది. సూదులు, బొత్తాలు, ఊడిపోయిన హుక్కులు, అట్టముక్కకి చుట్టిన కాస్త ఎర్ర ఉన్నిదారం. ఆ దారం కంటబడగానే నా ముక్కుకి తడిసిన గొర్రె వాసన, వెనిగర్ వాసన, బొగ్గు పొగ అన్నీ ఒక్కసారే తగిలాయి. డబ్బాలో అవేవీ లేవనుకోండి, ఉన్నది కలరా ఉండల వాసనే. అక్కడే నేల మీద కూర్చుని ఫోన్ తీసి డునెడిన్‌కి టికెట్ కొన్నాను. "ఇప్పుడెందుకు?" అన్నారు మా ఆయన. ఎందుకో నాకు తెలిస్తేగా! "ఊరికే. చూసొస్తా" అన్నాను. ఆయన ఆ దారాన్ని కిటికీ దగ్గర పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "నా రంగే" అని నా చేతిలో పెట్టేశారు.

ఆ ఊరి పేరు చెప్పను. చెప్పినా ప్రయోజనం లేదు, డునెడిన్ నుంచి దక్షిణంగా వెళ్తూ కారులో ఒక పాట పెట్టుకుంటే అది పూర్తయ్యే లోపు ఊరు దాటిపోతుంది. ఈ దేశం వచ్చిన కొత్తలో, రెండువేల పది దాటిన ఆ తొలి ఏళ్ళలో, మేం కాపురం ఉన్నది అక్కడే. మా ఆయనది చీరాల పక్క, మగ్గాల ఇల్లు. ఆయన టెక్స్‌టైల్ ఇంజనీరింగ్ చదివి, ఎక్కడెక్కడో రంగుల కార్ఖానాల్లో పనిచేసి, చివరికి ఆ ఊళ్ళోని ఉన్ని మిల్లులో డైహౌస్ ఉద్యోగం సంపాదించారు. డైహౌస్ అంటే ఉన్నికి రంగులేసే చోటు. న్యూజీలాండ్ అనగానే నేను ఊహించుకున్నది ఆక్లాండ్, సముద్రం, పడవలు, పెద్ద పెద్ద షాపులు. విమానం దిగి, మరో విమానం ఎక్కి, కారెక్కి చివరికి చేరింది ఈ ఊరు. మొదటి వారమంతా ముఖం మాడ్చుకుని తిరిగాను. "ఊరెక్కడుంది?" అని అడిగితే, "ఇదే ఊరు" అన్నారాయన తల దించుకుని.

ఆ ఊళ్ళో దారి అడగడం ఒక తమాషా. లేనివాటిని ఆనవాళ్ళుగా చెప్పేవాళ్ళు. డాక్టరు ఇల్లెక్కడంటే, "నేరుగా వెళ్ళి చీజ్ ఫ్యాక్టరీ దగ్గర ఎడమకి తిరుగమ్మా" అంది డెయిరీలో, అంటే అక్కడి చిల్లరకొట్లో, పాలపాకెట్టు అమ్మే ఆవిడ. నేను పోయి పోయి ఊరి చివరి కంచె దాకా పోయాను. చీజ్ లేదు, ఫ్యాక్టరీ లేదు, ఒక గుర్రం గడ్డి మేస్తోంది. చీజ్ ఫ్యాక్టరీ ఉన్నది వాళ్ళమ్మ కాలంలోనట! ఇటుక బట్టీ ఎదురుగా అంటే అక్కడ మిగిలింది మొండి గొట్టం ఒక్కటే. రైలు షెడ్డు వెనకాల అంటే రైలే రాదు. ఏటి ఒడ్డున గుట్టలు గుట్టలుగా గులకరాళ్ళుంటే కొండచరియ విరిగిందేమో అనుకున్నాను. పూర్వం బంగారం కోసం ఏటిని అడుగంటా తోడి పారేసిన రాళ్ళట అవి. గొర్రెలు కోసే ఫ్రీజింగ్ వర్క్స్ కూడా మేం వచ్చేసరికే మూతపడింది, అందులో కత్తి పట్టిన మగాళ్ళు పాల ట్యాంకర్లు నడుపుకుంటున్నారు. చెప్పిన చోట చెప్పిన వస్తువు నిజంగా ఉండేది ఒక్క ఉన్ని మిల్లు విషయంలోనే. అందుకే మా ఇంటికి ఎవరొస్తామన్నా "మిల్లు దాటగానే" అని గర్వంగా చెప్పేదాన్ని.

మాది ఒకప్పటి మిల్లు కార్మికుల ఇల్లు. చెక్క గోడలు, రేకు కప్పు, సందుల్లోంచి ఈలలేసే గాలి. తెల్లారగానే బొగ్గు బాయిలరు పొగ వంటింటి కిటికీకి వచ్చి తగిలేది. సాయంత్రం మా ఆయన తలుపు తీస్తే తడిసిన గొర్రె, దాని వెనకే వెనిగర్ ఇంట్లోకొచ్చేవి. ఉన్నికి రంగు పట్టాలంటే పులుపు పడాలట. అత్తయ్య వచ్చిన తొలి రోజు ఆ వాసనకి కంగారుపడి, ఊరి నుంచి మోసుకొచ్చిన పచ్చడి సీసాలన్నీ ఒక్కొక్కటే మూత తీసి వాసన చూసుకున్నారు. "పాడవలేదే! మరి ఏం పులిసినట్టూ?" అంటే, మా ఆయన చొక్కా విప్పి ఆవిడ ముందు పెట్టారు. ఆ రోజు ఆవిడ నవ్విన నవ్వు, మామయ్య పోయాక ఆవిడ నోట విన్న మొదటి నవ్వు.

ఔను, మామయ్య పోయిన ఏడు తిరక్కుండానే అత్తయ్యని విజిటర్ వీసా మీద తెచ్చుకున్నాం. చలికి చీర మీద స్వెట్టరు, దాని మీద మా ఆయన పాత కోటు, తలకి ఉన్ని టోపీ, కాళ్ళకి రెండేసి మేజోళ్ళు. ఆ వేషంలో పెరట్లో రూబార్బ్ కాడలు కోసుకొచ్చి, ఆకులు విషమని నేను చెప్పానని మూడిళ్ళ అవతల పారేసి వచ్చి, కాడలతో పుల్లటి పప్పు చేసేవారు. గోంగూర కాదు, కానీ నోరు సర్దుకుపోయేది. చేతులు ఊరుకోని మనిషి. మగ్గాల ఇంట పుట్టి మగ్గాల ఇంటికి కోడలై, ఆసు పోసి, నూలు చుట్టి, కండెలు పట్టిన చేతులు. ఆ చేతుల్ని ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి గొర్రెల్ని చూస్తూ కూర్చోమంటే ఎలా కూర్చుంటారు? కాలు నిలవని కోడలు, చేతులు ఊరుకోని అత్తగారు. మా ఆయన మిల్లుకెళ్ళడమే విశ్రాంతి అనుకునేవారేమో.

అదిగో, అందుకే నేను మిల్లు నుంచి ఇంటి పని తెచ్చుకోవడం మొదలుపెట్టాను. ఇప్పించింది మోరీన్. ఫినిషింగ్ గదికి పెద్ద ఆవిడ. పొడుగు మనిషి, కత్తిరించిన తెల్లజుట్టు, మెడలో తాడుకి వేలాడే కళ్ళజోడు. బడి మానిన ఏడు మిల్లులో చేరి అక్కడే తల నెరిసింది. భర్త ఫ్రీజింగ్ వర్క్స్‌లో చేసి, అది మూతపడ్డాక ఎక్కువ కాలం బతకలేదు. మాట కరుకు. నా కుట్టు చూసి, కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ చూసి, "పనికొస్తుంది" అంది. ఆవిడ నోట అది సన్మానమని తర్వాత తెలిసింది. అప్పట్లో మిల్లు బతుకుతున్నది ఒక ఆక్లాండ్ షాపు ఆర్డరు మీద. మీగడ రంగు దుప్పటి, చుట్టూ ఎర్ర ఉన్నిదారంతో చేతికుట్టు అంచు. ఆ ఎర్రదారానికి రంగేసేది మా ఆయన. అంచు కుట్టేది ఊళ్ళో నాలాంటి ఆడవాళ్ళు, ఎవరిళ్ళలో వాళ్ళు. మా ఇంట్లో అత్తయ్య మూలలు మడిచి గుండుసూదులు గుచ్చి వరసగా పెట్టేవారు, నేను కుట్టేదాన్ని. పొయ్యిలో కట్టెలు చిటపటమంటుంటే ఇద్దరం ఎదురెదురుగా కూర్చునేవాళ్ళం. నాకా ఊరంటే ఒళ్ళుమంట, ఎప్పుడెప్పుడు ఆక్లాండ్ పోదామా అని. ఆవిడేమో దుప్పటిని చెంపకానించుకుని, "ఎంత మెత్తగా ఉందే అమ్మాయ్! ఇది కప్పుకునేవాళ్ళు చల్లగా ఉండాలి" అనేవారు. చల్లగా ఉండడానికా అత్తయ్యా దుప్పటి, అని నేను వేళాకోళం ఆడేదాన్ని.

ఒక సాయంత్రం మా ఆయన రెండు దుప్పట్లు చంకలో పెట్టుకుని వచ్చారు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"తిరిగొస్తున్నాయి" అన్నారు. "కొన్నవాళ్ళు ఉతికితే మూలల్లో ఎర్రగా దిగుతోందట. అందరికీ కాదు, కొందరికి. దారం రంగు దిగిపోతోందంటున్నాడు మేనేజరు. మిల్లులో ఉన్ని సబ్బుతో ఎన్నిసార్లు ఉతికామో, నాకు ఒక్క బొట్టు దిగలేదు. వాళ్ళకెలా దిగుతోంది?"

"దిగితే ఏమవుతుంది?"

"ఏమవుతుందా? ఆర్డరు పోతే డైహౌస్ మూసేస్తారు. డైహౌస్ లేకపోతే నేనెందుకు వాళ్ళకి? ఈ ఉద్యోగం లేకపోతే మన వీసా ఎక్కడిది? సామాను సర్దుకోవడమే."

ఎప్పుడెప్పుడు ఈ ఊరొదులుదామా అని గొణిగిన నాకే గుండె గుభేలుమంది. ఊరొదలాలనుకున్నాను గానీ, ఇలా మెడపట్టి గెంటించుకుని కాదు కదా! ఆయన కుర్చీలో కూలబడితే నేను కూర్చోలేకపోయాను. ఒక దుప్పటి లాక్కుని వెనక గదిలో బట్టలుతికే తొట్టిలో పడేసి, వేడినీళ్ళు తిప్పి, మామూలు సబ్బుపొడి గుప్పెడు చల్లి, మూల పట్టుకుని బరబరా నలిపాను. "అలా నలపకు, ఉన్ని ముద్దకట్టేస్తుంది" అంటూ ఆయన పరిగెత్తుకొచ్చారు. అప్పటికే మడతలోంచి ఎర్రగా ఊరుతోంది. ఆయన దారంది దానిమ్మ ఎరుపు. ఇది అది కాదు. ఇది కాస్త నారింజ కలిసిన నెత్తురు రంగు. ఆయన కత్తెర తెచ్చి మూల కుట్లు తెంపి మడత విప్పారు. లోపల బొట్టంత మరక, నీళ్ళు తగిలినమేర ఎర్రగా, తగలనిచోట పచ్చగా.

ఇంకేం చెప్పాలి? పసుపులో సున్నం కలిపి ఎర్రనీళ్ళతో దిష్టి తీయని ఇంట్లో పుట్టామా మేం? పెళ్ళిలో పాదాలకి పారాణి పెట్టించుకోలేదా? ఇద్దరం ఒక్కసారే తల తిప్పాం. గుమ్మంలో అత్తయ్య.

"అమ్మా, పసుపు పెట్టావా?" అన్నారాయన.

"పెట్టాను."

"దీనికా?"

"దీనికేమిటి నాయనా, అన్నిటికీ పెట్టాను. కొత్త బట్ట పసుపు తగలకుండా ఒకళ్ళింటికి పోతుందా? కనిపిస్తే వీళ్ళేమన్నా అనుకుంటారని మడత లోపల పెట్టాను." ఆవిడ గొంతులో తప్పు చేసిన బెరుకు ఏ కోశానా లేదు. మా ఆయన ఆవిడ పక్కన గోడకి చేరబడి, ఉద్యోగం, ఆర్డరు, వీసా, అన్నీ మెల్లగా విడమరిచి చెప్పారు. వింటూ వింటూ ఆవిడ అలాగే కిందికి జారి నేల మీద కూర్చుండిపోయారు. నాకు కోపం, ఏడుపు, మధ్యలో ఎందుకో నవ్వు, అన్నీ తన్నుకొచ్చాయి. "ఒక్క మాట నాతో అనచ్చు కదా అత్తయ్యా!" అని అరిచాను.  ఆవిడ లేచి చెంగు దోపుకుని, "రేపు నన్ను అక్కడికి తీసుకెళ్ళరా. నేనే చెప్తా. నీ రంగుది తప్పని ఎవడంటాడో చూస్తా" అన్నారు.

మర్నాడు స్మోకో వేళకి వెళ్ళాం. స్మోకో అంటే వాళ్ళ టీ విరామం. అత్తయ్య ఆ మిల్లులో అడుగుపెట్టడం అదే మొదలు. లోపలికి రాగానే మగ్గాల చప్పుడుకి నిలబడిపోయారు. ఆ ఇనప మగ్గాలు మా చెక్క మగ్గాల్లా టకటకమనవు, నేలంతా అదిరిపోతుంది. అయినా ఆవిడ తల ఊపుతూ ఒక క్షణం ఆ లయ విన్నారు. తర్వాత టీ గదిలో మోరీన్ ముందు బల్ల మీద పళ్ళెం పెట్టి, అందులో పసుపు తడిపి, సబ్బుపొడి నీళ్ళు పోశారు. ఎర్రబడింది. నిమ్మకాయ పిండారు. మళ్ళీ పచ్చబడింది. మిల్లు వాడే ఉన్ని సబ్బులో సబ్బుపొడికున్న సున్నం గుణం లేదు, అందుకే అక్కడ దిగలేదు. మోరీన్ కళ్ళజోడు పెట్టుకుని చూసింది. "ఎన్ని దుప్పట్లు?" అని నన్నడిగింది. నేను అత్తయ్యని అడిగాను. "అన్నీ" అన్నారావిడ, "కొందరికి పెట్టి కొందరికి మానేస్తామా, పాపం కాదూ?" దీన్ని ఇంగ్లీషులోకి మార్చేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది.

"ఎందుకు పెట్టిందో అడుగు. ఎవరైనా చెప్పారా?"

అడిగాను. శుభానికమ్మా అంటారనుకున్నాను. ఆ మాట నోట్లో సిద్ధంగా కూడా పెట్టుకున్నాను. అత్తయ్య పళ్ళెంలోకి చూస్తూ అన్నారు. "మా ఇంట్లో మగ్గం దిగిన ప్రతి చీరకీ పసుపు పెట్టేది నేనే. పెళ్ళయి వచ్చిన నాటి నుంచీ. మీ మామయ్య పోయాక నా తోడికోడలు వచ్చి, నీకెందుకులే అక్కా ఇక, అని గిన్నె నా చేతిలోంచి తీసేసుకుంది. మంచిదే, కోపం లేదు, ఊరి ఆచారం. ఇక్కడ నన్నెవరూ అడగలేదు. కొత్త బట్ట నా చేతికొచ్చింది, పెట్టాను. చెయ్యి ఊరుకోలేదమ్మాయ్."

ఆ ఇంట్లో ఆవిడతోనే ఉంటూ, పొద్దస్తమానం ఎదురెదురుగా కూర్చుంటూ, నేను ఈ మాట అప్పుడే విన్నాను. ఎలా చెప్పానో ఏమో, నా వచ్చీరాని ఇంగ్లీషులో మొత్తం చెప్పాను.  మోరీన్ తన కప్పు తీసుకెళ్ళి సింకులో కడిగింది, తుడిచింది, చిలక్కొయ్యకి తగిలించింది. అప్పుడు తిరిగి, "నీ మొగుడి రంగు బాగానే ఉందని మేనేజరుకి నేను చెప్తాను. ఇది వంటింటి మరక, అంతే. పోయే దారేమన్నా ఉందా?" అంది.

నేను తర్జుమా చేసేలోపే అత్తయ్య తనకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లోంచి ఒకటి తీసి నేరుగా ఆవిడకిచ్చారు. "సన్."

"ఎండా?"

"సన్" అని మళ్ళీ అన్నారు అత్తయ్య, కిటికీలోంచి వేలు చూపించి.

నిజమే. పసుపు మరక సబ్బుకి లొంగదు, ఎండకి ఎగిరిపోతుంది. ఇక్కడి ఎండ సంగతి తెలిసిందే, చలి పోగొట్టదు గానీ రంగు మాత్రం పీల్చేస్తుంది. మా ఇంట్లో కుట్టినవి ఏవో తెలియదు కనక, వెనక్కొచ్చినవి, గోడౌన్లో ఉన్నవి, అన్ని దుప్పట్లకీ మూలలు విప్పాం. నేను, అత్తయ్య, మోరీన్, మిల్లులో చేసి మానేసిన ఆడవాళ్ళు ఎవరు దొరికితే వాళ్ళు. ఎవరి పెరట్లో బట్టల దండెం మీద వాళ్ళు ఆరేశారు. ఆ వారం మా వీధిలో ఏ ఇంటి వెనక చూసినా మీగడ దుప్పట్లు గాలికి కొట్టుకుంటూ ఉండేవి. ఒకసారి గాలి ఎక్కువై ఒకటి ఎగిరి గొర్రెల కంచెలో పడితే, అది వెనక్కి సొంతవాళ్ళ దగ్గరికే పోయిందని మోరీన్ నవ్వింది. అప్పుడే చూశాను ఆవిడ నవ్వడం. సాయంత్రాలు అత్తయ్య దండెం దండెం తిరిగి మూలలు చూసి వచ్చేవారు. తను పెట్టిన బొట్లు ఒక్కొక్కటే వెలిసిపోతుంటే, "పోతోంది, పోతోంది" అని సంతోషంగా చెప్పేవారు. అది సంతోషమేనా అని నాకప్పుడు అనుమానం రాలేదు, ఉద్యోగం నిలబడింది అన్నదే ధ్యాస.

మూలలన్నీ మళ్ళీ కుట్టేశాక మోరీన్ మా ఇంటికొచ్చింది. చేతిలో అల్లం బిస్కెట్ల పళ్ళెం. కూర్చోలేదు. "ఇకనుంచి అంచు పని నువ్వు మిల్లులోకొచ్చి నా కళ్ళముందు కుట్టాలి. ఆవిడకి చెప్పు. ఆవిడ మనసు నాకర్థమైంది. అయినా సరే, నా దుప్పట్ల మీద పసుపు వద్దు" అంది. న్యాయమే, ఇంకేమంటుంది? నేను చెప్పాను. అత్తయ్య తల ఊపి, "సరేనమ్మా. నాకలవాటే" అన్నారు. ఆ రెండో మాట నేను ఇంగ్లీషులో చెప్పలేదు. చెప్పకపోయినా మోరీన్‌కి అందినట్టే ఉంది, పళ్ళెం అక్కడే వదిలేసి గబగబా వెళ్ళిపోయింది. ఆ తర్వాత నేను మిల్లులో కుట్టేదాన్ని, అత్తయ్య ఇంట్లో కిటికీ దగ్గర చేతులు ఒళ్ళో పెట్టుకుని గొర్రెల్ని చూసేవారు.

కొన్నాళ్ళకి మాకు రెసిడెన్సీ వచ్చింది, ఆక్లాండ్ వచ్చేశాం. అత్తయ్యని కూడా ఇక్కడే ఉంచుకున్నాం. ఆ దశాబ్దం ముగిసేలోపే మిల్లు మూతపడింది. పసుపు వల్ల కాదు లెండి, బయటి దేశాల చవక దుప్పట్ల వల్ల. రంగులు కలిపిన మా ఆయన ఇప్పుడు కంప్యూటర్ ముందు కూర్చుని కాంట్రాక్టు మీద కాంట్రాక్టు మారుతున్నారు. ఒంటికి ఏ వాసనా లేదు. ఇంట్లో గాలి చొరబడదు, పొగ లేదు, మేం కప్పుకునేది ఉన్నే కాదు. నేను కోరుకున్నవన్నీ దొరికాయి. అయినా కాలు నిలవదు, అది వేరే సంగతి.

మొన్న వెళ్ళాను. మిల్లు గేటుకి కొత్త బోర్డు, లోపల మగ్గాల షెడ్డులో చలికాలానికి దాచుకున్న క్యాంపర్ వ్యాన్లు. ఉన్ని గోడౌన్‌లో పెళ్ళిళ్ళు చేస్తారట, గుమ్మానికి కాగితం పూలు. డైహౌస్‌కి కప్పు లేదు, గడ్డి మొలిచింది. ముక్కు ఎగబీల్చాను, కాఫీ వాసన తప్ప ఏం రాలేదు. దారిలో ఎవరో కుర్రజంట కారాపి పెట్రోలు బంకెక్కడని అడిగితే, "మిల్లు దగ్గర కుడికి" అనేశాను. వాళ్ళు తెల్లముఖం వేశారు. నేనూ ఆ ఊరిదాన్నే అయిపోయాను!

మోరీన్ అదే ఇంట్లో ఉంది. వంగిపోయింది గానీ కళ్ళజోడు తాడుకే ఉంది. గుమ్మంలోనే చెప్పేశాను, అత్తయ్య పోయారని. మోరీన్ లోపలికి వెళ్ళి, అల్మారాలోంచి ఒక దుప్పటి తీసుకొచ్చి నా చేతుల్లో పెట్టింది. మీగడ రంగు, ఎర్ర అంచు.

"మగ్గం మీంచి దిగిన ఆఖరిది" అంది. "మూల చూడు."

మడత లోపల కాదు, పైనే, మూలకి అడ్డదిడ్డంగా, బొటనవేలంత మచ్చ. పచ్చగా.

"మీరు ఊరొదిలిన రోజు ఆవిడ నా చేతిలో ఒక పొట్లం పెట్టింది. వంటకి అనుకున్నాను, ఏం వండాలో తెలియక అలాగే ఉంచాను. ఆఖరి గుడ్డ కోసిన రోజు మగ్గాలు ఆపేశాం. అందరూ టీలు తాగుతూ నిలబడ్డారు. నాకెందుకో పొద్దున్నే ఆ పొట్లం జేబులో వేసుకోవాలనిపించింది. ఆవిడ లేదు కదా, ఎవరో ఒకరు పెట్టాలి కదా" అంది. కళ్ళజోడు తీసేసి, "నా మొగుడు పోయాక నన్నెవ్వరూ దేన్నీ ముట్టుకోవద్దనలేదు. నేను మాత్రం ఆవిడని అన్నాను" అంది.

 ఏడుపొచ్చేసింది, దాచుకోలేదు. ఏడుస్తూనే, ఇదీ నా బుద్ధి, "నిజంగా పసుపేనా?" అన్నాను. మోరీన్‌కి చర్రున కోపమొచ్చింది. "రా" అని నన్ను వెనక గదికి లాక్కెళ్ళి, తొట్టి దగ్గర సబ్బు మీద వేలు రుద్ది, ఆ తడివేలు మచ్చ అంచున ఆనించింది. ఎర్రబడింది. ఆ రోజు మా ఇంట్లో గుండెలాగిపోయేలా చేసిన ఎరుపే. ఇద్దరం దాని మీదికి వంగి చూస్తూ నిలబడ్డాం.

దుప్పటి నాకే ఇచ్చేసింది. తెచ్చి అత్తయ్య మంచం మీద, ఆ మూల తలవైపు వచ్చేలా పరిచాను. మా ఆయన రోజూ పొద్దున్నే ఇంట్లో కిటికీలన్నీ తీస్తారు. ఆ గది కర్టెన్ మాత్రం తియ్యొద్దని చెప్పాను. ఎండ పడితే పోతుంది.